దత్తత లిస్టు

ఫిబ్రవరి అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరయి జగ్గయ్యపేటలో మా ఇంట్లో హాయిగా కూర్చున్నా సరే, క్యాలెండర్లో ఆ పేజీ తిప్పగానే ఎక్కడో ఒక స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒక మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి "సిలబస్ అయిపోయిందండీ" అంటున్నట్టు చెవిలో వినబడుతుంది.

నేను ముప్పై నాలుగేళ్ళు పనిచేసా. పాతికేళ్ళు నందిగామలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ తెలుగు టీచర్ని. చివరి తొమ్మిదేళ్ళు నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య ఒక ఊళ్ళో హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌ని. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళు చదివితే వాళ్ళకే తెలుస్తుంది.

కొత్తగా హెచ్చెమ్ కుర్చీ ఎక్కినవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, ఏడాది చివరికొచ్చేసరికి మా టీచర్లు నీరసపడిపోతున్నారండి. వాళ్ళని ఎలా మోటివేట్ చెయ్యాలి?" అని. ఎలా చెయ్యాలో నాకు పెద్దగా తెలీదు. ఎలా చెయ్యకూడదో మాత్రం శుభ్రంగా తెలుసు, ఎందుకంటే చేసి చూసా. అది చెప్తా.

మిరపకాయల నెల

మా వైపు ఫిబ్రవరి అంటే మిరపకాయ కోతలు. ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉంటాయి. గాలి ఇటు తిరిగిందంటే ఏడో తరగతి గదిలో తుమ్ములు మొదలవుతాయి. పదో తరగతిలో సగం మంది తల్లుల వెంట కోతకి పోతారు. వచ్చినవాళ్ళు ఆ చేతుల్తోనే కళ్ళు నులుముకుని ఏడుస్తూ కూర్చుంటారు.

ఇక టీచర్ల సంగతి. జూన్ నుంచి బస్సుల్లో నిలబడి వచ్చి, పాఠాలు చెప్పి, ఓటర్ల లిస్టులు సరిచూసి, భోజనం ఫోటోలు ఫోన్లో ఎక్కించి, సిగ్నల్ కోసం గోడెక్కి, ఫిబ్రవరికి వాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క ఉండదు. నేను వాళ్ళని తప్పు పట్టట్లేదు. నేనూ అలాగే ఉండేదాన్ని. కానీ ఆ అలసట ఒక మాట వెనక దాక్కుంటుంది. ఆ మాటే "సిలబస్ అయిపోయింది". అయిపోయింది ఎవరికయ్యా? మాస్టారికి. వెనక బెంచీలో పిల్లకి ఇంకా మొదలే కాలేదు.

మాది కిరాణా కొట్టు కుటుంబం. మా ఇంట్లో "అయిపోయింది" అనే మాట నోట్లోంచి రాకూడదు. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనాలి. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనాలి. మర్చిపోయి అన్నామో, మా అమ్మ నెత్తిమీద ఒక్కటిచ్చేది. హెచ్చెమ్ అయిన మొదటి ఫిబ్రవరిలో నేను స్టాఫ్ మీటింగ్ పెట్టి ఈ సంగతి చెప్పి, "మన స్కూల్లో కూడా ఇవాళ్టి నుంచి 'అయిపోయింది' అనే మాట వద్దండి" అన్నా. అందరూ తలలూపారు.

మర్నాడు మా హిందీ టీచర్ కోటేశ్వరమ్మ గారు నా గదిలోకొచ్చి, ఎంతో వినయంగా, "మేడమ్, నా సిలబస్ నిండుకుందండి. ఓపిక కూడా కొండెక్కిందండి" అంది.

నాకు కోపం రావాలి. నవ్వాగలేదు. ఆవిడ నోటికి జడిసి డ్రిల్లు మాస్టారు కూడా పక్కకి తప్పుకునేవారు. కానీ ఆ రోజు నాకర్థమైంది, మాట మీద నిషేధం పెడితే మాట మారుతుంది గానీ మనిషి మారడని.

వెనక బెంచీలో పెద్దాయన

నిజానికి ఈ సంగతి నాకు ఎప్పుడో తెలిసుండాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నందిగామలో మా హెడ్మాస్టరు రామకోటయ్య గారు. ముక్కుపొడుం పీల్చే మనిషి. మీటింగుల్లో రెండు ముక్కలకంటే ఎక్కువ మాట్లాడితే ఒట్టు. మార్చి వస్తే మాత్రం ఎవరికీ చెప్పకుండా టైమ్‌టేబుల్ దిద్దేసేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలంతా తూగే ఆ పీరియడ్ ఉంటుంది చూడండి, అది తనకి రాసుకునేవారు. "అది నాకొదిలెయ్యండి" అనేవారు, అంతే.

ఒకరోజు నేను పద్యం చెప్తుంటే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. బెల్లు కొట్టాక బయటికి పిలిచి, "అమ్మాయ్, నీ బండి రెండో బెంచీ దగ్గరే ఆగిపోతోంది. వెనకున్నవాళ్ళు కూడా టిక్కెట్టు కొన్నవాళ్ళేనమ్మా" అన్నారు.

తిట్టలేదు, మెమో ఇవ్వలేదు. మర్నాటి నుంచి నేను వెనక బెంచీ దగ్గర నిలబడి పాఠం చెప్పడం మొదలెట్టా. ఇప్పుడు తల్చుకుంటే ఆయన కోటు జేబులోంచి వచ్చే ఆ పొడుం వాసన కూడా ప్రేమగానే గుర్తొస్తుంది. అలాంటి మనిషి దగ్గర పనిచేసి కూడా, నాకు కుర్చీ వచ్చేసరికి అవన్నీ గాలికొదిలేసా. కుర్చీ మహిమ అలాంటిది.

నేను చేసిన ఘనకార్యం

హెచ్చెమ్‌గా నాలుగో ఏడు. ఆ యేడు పదో తరగతిలో తొమ్మిదిమంది లెక్కల్లో గట్టెక్కేలా లేరు. ప్రీఫైనల్ పేపర్లు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. పైనుంచి ఒత్తిడి సరేసరి.

ముందు విజయవాడ నుంచి ఒక ఉపన్యాసకుణ్ణి పిలిపించా. ఆయన మా టీచర్లందర్నీ నిలబెట్టి చప్పట్లు కొట్టించి, బెలూన్లు ఊదించి, "నేను సాధిస్తాను" అని మూడుసార్లు అరిపించాడు. కోటేశ్వరమ్మ గారి బెలూను పేలింది. "నా వంతు సాధించేసానండి" అని కూర్చుందావిడ. ఆయన వెళ్ళిపోయాక స్టాఫ్‌రూమ్ అంతకుముందుకంటే నీరసంగా తయారైంది.

అప్పుడు దత్తత లిస్టు తీసా. మా వృత్తిలో లేనివాళ్ళకి చెప్పాలి. పరీక్షల ముందు వెనకబడిన పిల్లల్ని టీచర్లకి తలా కొంతమందిని అప్పగిస్తాం. ఆ పిల్లల చదువు, హాజరు, పొద్దున ఫోన్ చేసి లేపడం, అన్నీ ఆ టీచరే చూసుకోవాలి. దాన్నే మేం దత్తత అంటాం. అన్ని స్కూళ్ళలోనూ ఉన్న మాటే. ఎన్నిసార్లు వాడానో లెక్కే లేదు.

ఆ తొమ్మిదిమందినీ మా లెక్కల మాస్టారు శేషగిరి గారికే రాసా. ఆయన ఆ జూన్‌లోనే బదిలీ మీద వచ్చారు. నెమ్మదైన మనిషి. సుద్దముక్క అరిగి గోరంత అయ్యేదాకా రాసేవారు. పని గట్టిగా తగలాలంటే నలుగురిలో చెప్పాలని నాకొక దిక్కుమాలిన నమ్మకం. పొద్దున అసెంబ్లీలో, ప్రతిజ్ఞ అయ్యాక, మైకు తీసుకుని గట్టిగా చదివా.

"ఈ తొమ్మిదిమందినీ శేషగిరి మాస్టారు దత్తత తీసుకుంటున్నారు. చప్పట్లు!"

పిల్లలు కొట్టారు. వెనక వరసలో ఎవరో, "అబ్బో, మాస్టారికి ఇన్నాళ్ళకి పిల్లలు పుట్టారోయ్, ఒకేసారి తొమ్మిదిమంది!" అన్నాడు. ఆ నవ్వు ఒక్కసారిగా అంతా పాకింది.

నేను కూడా నవ్వా. అది రాయకుండా ఉండలేను. ఏం జరిగిందో తెలీక, పిల్లలు హుషారుగా ఉన్నారనుకుని నవ్వా.

కోటేశ్వరమ్మ గారు మాత్రం నవ్వలేదు. అసెంబ్లీ అయ్యాక నా గదిలోకొచ్చి తలుపు దగ్గరికేసి, "మేడమ్, ఆయనకి పెళ్ళయి పదహారేళ్ళు. తిరగని ఆసుపత్రి లేదు. మీకు తెలీదా?" అంది.

తెలుసు. ఎప్పుడో ఎవరో చెప్పారు, విన్నా, మర్చిపోయా. మర్చిపోవడం తెలీకపోవడం కంటే పెద్ద తప్పు.

మర్నాడు పొద్దున నా టేబుల్ మీద సెలవు చీటీ ఉంది. ఆరోగ్యం బాగోలేదు, పరీక్షలయ్యేదాకా సెలవు కావాలని. పరీక్షలు నెలన్నరలో ఉన్నాయి. మా స్కూల్లో ఉన్న లెక్కల మాస్టారు ఆయనొక్కరే.

నందిగామ ఇంట్లో

సెలవు నామంజూరు చెయ్యొచ్చు. ఆ అధికారం నాకుంది. కానీ అలా రప్పిస్తే మనిషి వస్తాడు, మాస్టారు రాడు. సాయంత్రం బెల్లు కాగానే బస్సెక్కి నందిగామ వెళ్ళా. కోటేశ్వరమ్మ గారిది కూడా నందిగామే, ఇల్లు చూపించి వెళ్ళిపోయింది.

ఆయన భార్య భారతి గారు తలుపు తీసింది. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ తెచ్చింది. ఆవిడ మొహం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. శేషగిరి గారు లోపల్నుంచి వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నాది తప్పండి శేషగిరి గారూ. నోరు జారిందని కూడా అనను. ఆలోచించకుండా చేసా. క్షమించండి" అన్నా.

"మీరు కావాలని అన్లేదని నాకు తెలుసండి."

"మరి రండి."

"రాలేనండి" అన్నారాయన. "ఊళ్ళో పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఈ మాటలు పడ్డాం. పడీ పడీ అలవాటైపోయింది. కానీ క్లాసులోకి ఎప్పుడూ రాలేదు మేడమ్. బోర్డు ముందు నిలబడితే నేనొట్టి లెక్కల మాస్టార్ని. ఇప్పుడు ఆ తొమ్మిదిమంది మొహాలు చూస్తే ఆ నవ్వే వినబడుతుంది."

భారతి గారు గుమ్మం దగ్గర నిలబడి, "నిన్నట్నుంచి తిండి లేదు మేడమ్. టీవీ పెట్టరు, నన్ను పెట్టనివ్వరు. ఇలా నెలన్నర ఇంట్లో ఉంటే నన్నే లెక్కల్లో కూర్చోబెడతారేమో" అంది. నవ్వించాలని అందిగానీ, ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆయన నవ్వలేదు. నేను తిరుగు బస్సెక్కా. పేట వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నా. ఏడుపొచ్చింది, ఏడ్చా.

ఎక్కడ ఆగిపోయారు?

మర్నాడు అసెంబ్లీలో మళ్ళీ మైకు తీసుకున్నా. "మొన్న నేనిక్కడ ఒక లిస్టు చదివా. అలా చదవడం తప్పు. పెద్ద మేడమ్ తప్పు చేసింది. మీరు నవ్వినందుకు మిమ్మల్ని అనను, నేను నవ్వినందుకు నన్ను నేను అనుకుంటున్నా" అని, కాగితం అక్కడే చింపేసా. హెచ్చెమ్ తప్పు ఒప్పుకుంటే క్రమశిక్షణ పోతుందని మా తరంలో అనేవారు. ఏమీ పోలేదు. ఆ రోజు మధ్యాహ్నం గొడవ కూడా కాస్త తక్కువే ఉంది.

కానీ లెక్కలు చెప్పేదెవరు? ఎవరూ లేరు. భోజనాల తర్వాత పీరియడ్ తీసుకుని ఆ తొమ్మిదిమంది దగ్గరికి నేనే వెళ్ళా. తెలుగు టీచర్ని, లెక్కలు చెప్పడానికి! గోడకి నిచ్చెన ఆనించి ఉంది, గోడ ఎత్తెంత అని ఒక లెక్క. మంచి ఉచ్చారణతో చదివా. నిచ్చెన ఎవరు వేసారు, ఎందుకు వేసారు కూడా వర్ణించా. తర్వాత సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడిపోయా.

నాగమణి అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మా నాన్నా కోదాడ వైపు నుంచి కోతలకొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆ పిల్ల లేచి, "మేడమ్, కథ మంచిగ చెప్పిండ్రు. లెక్కేది?" అంది.

అందరం నవ్వాం. అప్పుడన్నా, "నాకు రాదమ్మా. మీరు చేసినంత దూరం చెయ్యండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ గీత పెట్టండి. ఎందుకాగారో రాయండి. మాస్టారికి పంపిస్తా."

తొమ్మిది కాగితాలు. ఒకడు మొదటి వరసలోనే గీత పెట్టి "ఏమీ తెలీలేదు" అని రాసాడు. సాయంత్రం బస్సెక్కి నందిగామ వెళ్ళి, లోపలికి కూడా వెళ్ళకుండా భారతి గారి చేతికిచ్చి వచ్చేసా. "చూస్తారని చెప్పలేనండి" అంది.

మర్నాడు ఏమీ రాలేదు. నేను ఇంకో తొమ్మిది కాగితాలు రాయించా, ఈసారి కోటేశ్వరమ్మ గారు పట్టుకెళ్ళింది. మూడోరోజు పొద్దున ఆవిడ రెండు కట్టలూ తెచ్చి నా టేబుల్ మీద పడేసింది. అన్నిటి మీదా ఎర్ర సిరా. "ఇది పోస్టాఫీసా, హైస్కూలా?" అని గొణిగింది గానీ, సాయంత్రం కొత్త కట్ట అడిగి మరీ తీసుకెళ్ళింది.

రోజు రోజుకీ ఎర్ర సిరా పెరిగింది. మొదట తప్పుకి సున్నా చుట్టి వదిలేసేవారు. తర్వాత పక్కన "ఎందుకు?" అని రాసారు. ఆ తర్వాత మార్జిన్లో చిన్న బొమ్మలు. పిల్లలు సంచుల్లోంచి ఆ కాగితాలు తీసి ఒకరిదొకరు చూసుకునేవారు. మధ్యలో మిరపకాయ కోతకి పోయిన ఇద్దరు, "మా కాగితం వచ్చిందా?" అని అడగడానికే బడికొచ్చారు.

ఆరోరోజు నాగమణి కాగితం కింద ఇలా ఉంది: "ఈ అమ్మాయికి లెక్క వస్తుంది. మైనస్ గుర్తు దారిలో పారేసుకుంటోంది. ఎక్కడ పారేస్తోందో దగ్గర కూర్చుని చూడాలి. కాగితం మీద కుదరదు. రేపు వస్తున్నా."

నేనా వాక్యం నాలుగుసార్లు చదువుకున్నా. కోటేశ్వరమ్మ గారు, "అదేమన్నా పద్యమా మేడమ్?" అంది. అప్పటికి నాకు అంతకంటే మంచి పద్యం లేదు.

ఆ మార్చి

ఆయన వచ్చారు. సంతకం పెట్టి, నావైపు చూడకుండా, "లిస్టు చింపేసారటగా" అన్నారు. "చింపేసానండి" అన్నా. "మంచి పని చేసారు" అని క్లాసుకెళ్ళిపోయారు. మా మధ్య ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నా ఉద్యోగంలో ఎవరన్నా ఒక నెల మళ్ళీ ఇస్తానంటే ఆ మార్చి అడుగుతా. ఏడున్నరకే బడి తెరిచేవాళ్ళం. తలుపులు తీస్తే పొద్దుటి చల్లగాలి, దాని వెనకే మిరపకాయ ఘాటు. గుగ్గిళ్ళు వంతులేసుకుని తెచ్చేవాళ్ళం. కోటేశ్వరమ్మ గారి వంతు రోజు పోపులో ఇంగువ ఎక్కువయ్యేది, ఎవరూ నోరు మెదిపేవారు కాదు. ఎవరూ చెప్పకుండానే సైన్సు మాస్టారు కూడా "ఎక్కడ ఆగారు?" అని కాగితాలు రాయించడం మొదలెట్టారు. తర్వాత సోషలు. మధ్యాహ్నం తూగే పీరియడ్ నాది, ఆ పిల్లలకి నేను తెలుగే చెప్పా, నిచ్చెనల జోలికి పోలేదు. స్టాఫ్‌రూమ్‌లో "అయిపోయింది" అన్నవాళ్ళు లేరు. అనే తీరిక లేదు.

కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే. టీచర్ని చప్పట్లతో లేపలేరు, భయంతోనూ లేపలేరు. తన పని తనని పిలవాలి. ఒక పిల్ల ఫలానా చోట ఆగిపోయిందని తెలిస్తే, టీచరనే మనిషి ఇంట్లో కూర్చోలేడు. ఆ చోటు కళ్ళకి కనబడేలా చెయ్యడం మీ పని. మిగతాది వాళ్ళు చూసుకుంటారు. తప్పు నలుగురిలో చేస్తే క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పండి, గదిలో పిలిచి గుసగుసగా కాదు. మీ టీచర్ల ఇళ్ళల్లో ఏముందో గుర్తుపెట్టుకోండి. ఫైళ్ళు ఎవరైనా చూస్తారు.

ఫలితాలు వచ్చిన రోజు బడికి సెలవులే. ఎండ మండిపోతోంది. నేను ఇంట్లో ఫోన్ పట్టుకుని తొమ్మిది నంబర్లూ చూసుకున్నా. ఏడుగురు పాసయ్యారు. నాగమణి, ఇంకో అబ్బాయి లెక్కల్లో పోయారు. ఏడుగురికి సంతోషపడాలో ఇద్దరికి ఏడవాలో తెలీలేదు. శేషగిరి గారికి ఎలా చెప్పాలా అని కూర్చుంటే, ఫోన్ ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

"చూసారా మేడమ్?"

"చూసానండి. ఏడుగురంటే చిన్న విషయం కాదు శేషగిరి గారూ. మీరు ఇక విశ్రాంతి..."

"మా పిల్లలిద్దరు మిగిలిపోయారండి" అన్నారు ఆయన. గొంతులో తొట్రుపాటు లేదు. మామూలుగా, ప్రతి తండ్రీ అన్నట్టే అన్నారు. "సప్లిమెంటరీకి నెల కూడా లేదు. నేనూ భారతీ బయల్దేరుతున్నాం, పిల్లలకి అన్నం తను కట్టింది. స్కూలు తాళాలు ఎవరి దగ్గరున్నాయండి?"